కంటికి కనిపించని కంప్యూటరు

పిల్లలూ! మీరు తెనాలిలో ఉన్నారనుకోండి. నిన్నమొన్నటిదాకా బళ్ళో మీ పక్కనే కూర్చున్న మిత్రుడు, వాళ్ళ నాన్నగారికి బదిలీ కావటంచేత శ్రీకాకుళం వెళ్ళిపోయాడు. ఒక ఆదివారంనాడు అతను మీకు ఫోను చేశాడు.

"ఒరే, మా ఇంట్లో కంప్యూటరు పాతబడిపోయిందట! ఇకమీదట దానికి రక్షణ లేదని ఎవరో అన్నారు. మా తాతయ్య ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయిరా. అవి ఏమైపోతాయోనని అమ్మ దిగులు పడుతున్నది. ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు.

"మీ కంప్యూటరులో ఉన్నది ఏదిరా?" అని మీరు అడిగారు.

"విండోసే!"

"విండోసే, కాని ఎన్నోది?"

"అదేరా, నీలంగా ఉంటుంది. కిటికీ బొమ్మ ఉంటుంది."

ఇప్పుడు మీరేం చేస్తారు? తెనాలికీ శ్రీకాకుళానికీ మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు పైనే దూరం. ఆ కంప్యూటరును మీరు చూడలేరు, తాకలేరు. మీ దగ్గర ఉన్నవల్లా మీ ప్రశ్నలు. మీ మిత్రుడి దగ్గర ఉన్నవి అతని కళ్ళు. ఈ రెంటినీ కలిపి ఆ కంప్యూటరు సంగతి కనుక్కోవటం ఎలాగో ఇప్పుడు చూద్దాం.

ముందు ఒక చిన్న విషయం. మీరు పై తరగతి విద్యార్థి దగ్గర సగం ధరకు లెక్కల పుస్తకం కొనుక్కున్నారనుకోండి. అట్టమీద పేరు అదే. కాని మాష్టారు, "42వ పేజీ తియ్యండి," అనగానే అందరికీ భిన్నాలు వచ్చాయి, మీకు మాత్రం వృత్తాలు వచ్చాయి! ఎందుచేత? పుస్తకం పేరు ఒక్కటే అయినా మీది పాత ముద్రణ. అది ఏ సంవత్సరపు ముద్రణో లోపలి పేజీలో వేసే ఉంటుంది. మీరు చూసుకోలేదు, అంతే.

కంప్యూటరు సంగతి కూడా ఇంతే. కంప్యూటరు ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే ఆదేశాలన్నిటినీ కలిపి సాఫ్ట్‌వేర్ అంటారు. తయారుచేసినవారు దానిలో తప్పులు దిద్దుతూ, కొత్త హంగులు చేరుస్తూ మళ్ళీ మళ్ళీ విడుదల చేస్తూ ఉంటారు. అలా వచ్చిన ఒక్కొక్కదాన్ని ఒక వెర్షన్ అంటారు. పేరు మారదు, పక్కనున్న అంకె మారుతుంది. విండోస్ 10 అనేది 2015 జులై 29న వచ్చింది. విండోస్ 11 అనేది 2021 అక్టోబరు 5న వచ్చింది. రెండింటిలోనూ కిటికీ బొమ్మ ఉంటుంది. అందుచేత "కిటికీ బొమ్మ ఉన్నది" అన్నంతమాత్రాన మనకు తెలిసింది ఏమీ లేదు.

"అంకె తెలియకపోతే ఏం మునిగిపోతుంది?" అంటారేమో. ఒకసారి నిజంగానే చాలామంది మునిగిపోయారు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోసులో ఉన్న ఒక లోపాన్ని దిద్దే మరమ్మతును విడుదల చేసింది. ఇటువంటి మరమ్మతునే అప్‌డేట్ అంటారు. దాన్ని వేసుకున్నవారు వేసుకున్నారు, చాలామంది వేసుకోలేదు. సరిగ్గా 59 రోజుల తరువాత, మే 12న, ఆ లోపంలోనుంచే దూరి 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా పాకింది. అది కంప్యూటరులోని ఫైళ్ళన్నిటికీ తాళంవేసి, డబ్బు ఇస్తేగాని తియ్యనన్నది! 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఇంగ్లండులో ఎన్నో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని పోలీసు ఠాణాల కంప్యూటర్లు చిక్కుకున్నాయి.

అప్పటికి విండోస్ ఎక్స్‌పీ అనే పాత వెర్షన్‌కు మామూలు మరమ్మతులు నిలిచిపోయి మూడేళ్ళయింది. అందుచేత ఇళ్ళలో ఎక్స్‌పీ వాడేవారికి మార్చిలో ఆ మరమ్మతు అందనే లేదు. ఈ గొడవ జరిగిన తరువాతనే వారికి ప్రత్యేకంగా ఇచ్చారు. చూశారా? ఎవరికి మందు అందింది, ఎవరికి అందలేదు అన్నది వెర్షన్‌ను బట్టే తేలింది.

అదేవిధంగా విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికి ఆ తరువాత కూడా కొంతకాలం రక్షణ మరమ్మతులు ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే మీ మిత్రుడి అమ్మగారి దిగులు ఉత్త దిగులు కాదు. కాని ఆ ఇంట్లో ఉన్నది 10 అయితేనే ఆ మాట. ముందు అది తేల్చాలి.

సరే, ఫోను పట్టుకోండి. మొదటి నియమం: ఊహించకండి. "బొమ్మలు కిందిభాగంలో మధ్యగా ఉన్నాయా? అయితే పదకొండే!" అని కొందరు చెప్పేస్తారు. నిజమే, విండోస్ 11లో మామూలుగా అవి మధ్యలోనే ఉంటాయి. కాని వాటిని ఎడమ పక్కకు జరుపుకోవటానికి వీలున్నది. రూపం చూసి చెప్పిన జవాబు ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుంది. కంప్యూటరు చేతనే దాని పేరు చెప్పించాలి.

రెండో నియమం: ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. అది అయిందని అతను అన్న తరువాతనే రెండోది చెప్పాలి.

"కీబోర్డు మీద కింది వరసలో, ఎడమ పక్కన, నాలుగు గళ్ళ కిటికీ బొమ్మ ఉన్న కీ కనిపించిందా?"

"కనిపించింది."

"దాన్ని అదిమిపట్టుకుని, వదలకుండా, ఆర్ అనే అక్షరం నొక్కు. ఏం జరిగింది?"

"చిన్న పెట్టెలాంటిది వచ్చింది. అందులో రాయటానికి జాగా ఉన్నది."

అక్కడ ఆరు ఇంగ్లీషు అక్షరాలు కొట్టించాలి. ఫోనులో 'ఎన్' అంటే 'ఎం' అని వినిపిస్తుంది. 'వి' అంటే 'బి' అనుకోవచ్చు. ఒక్క అక్షరం తప్పినా కంప్యూటరుకు అర్థం కాదు. ఈ చిక్కు విమానాలు నడిపేవారికి ఎన్నడో వచ్చింది. అందుకని వారు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మాట పెట్టుకున్నారు. 'ఆల్ఫా', 'బ్రావో', 'చార్లీ' అంటూ 1956లో అమలుకు వచ్చిన ఆ పట్టికనే ఇప్పటికీ దేశదేశాల విమాన చోదకులు వాడుతున్నారు. మనకు అంతదూరం అక్కరలేదు. మన ఊళ్ళే ఉన్నాయి. మీ మిత్రుడితో ఇలా చెప్పండి:

"వరంగల్లులో డబ్ల్యు, ఇచ్ఛాపురంలో ఐ, నెల్లూరులో ఎన్, విజయవాడలో వి, ఏలూరులో ఇ, రాజమండ్రిలో ఆర్. మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకు. ఇక ఎంటర్ నొక్కు."

ఆ ఆరు అక్షరాలూ కలిపితే 'విన్‌వెర్' అవుతుంది. 'విండోస్ వెర్షన్' అనే మాటలకు అది పొట్టిపేరు. వెంటనే ఒక కొత్త కిటికీ తెరుచుకుంటుంది. దానిలో పెద్ద అక్షరాలతో విండోస్ 10 అనో, విండోస్ 11 అనో ఉంటుంది. దాని కింద వెర్షన్ అనే మాట, ఆ పక్కన బ్రాకెట్లలో బిల్డ్ అనే మాట, వాటి అంకెలూ ఉంటాయి.

మూడో నియమం: ఉన్నది ఉన్నట్టు చదివించండి. "ఏదో పదకొండట," అంటే ఒప్పుకోకండి. ప్రతి అంకే చదవాలి. మీరు కాగితంమీద రాసుకుని తిరిగి అతనికి చదివి వినిపించాలి. విమాన చోదకులు కూడా తమకు అందిన ఆజ్ఞను ఇలాగే తిరిగి చెప్పి సరిచూసుకుంటారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, అంకెలు కూడా ఒక్కొక్కసారి తమాషా చేస్తాయి. మీ మిత్రుడు 'విన్‌వెర్'కు బదులు, నల్లని కిటికీ తెరిచి అందులో 'వెర్' అని కొట్టాడనుకోండి. విండోస్ 11 ఉన్న యంత్రంలో కూడా జవాబు 10.0 అనే మొదలవుతుంది! మొదటి అంకె విని "పదే!" అన్నారంటే పప్పులో కాలువేశారన్నమాట. ఆ తరువాత వచ్చే బిల్డ్ అంకె చూడాలి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో అది 22,000 గాని అంతకు మించిగాని ఉంటే అది విండోస్ 11. విండోస్ 10లో ఆఖరి వెర్షన్‌కు ఆ అంకె 19,045.

పైన 11 అని ఉంటే సంతోషించి ఊరుకోవచ్చునా? అదీ కుదరదు. కింద వెర్షన్ దగ్గర 23హెచ్2, 24హెచ్2 అని ఏదో ఒకటి ఉంటుంది. 24 అంటే 2024వ సంవత్సరం, హెచ్2 అంటే ఆ ఏడాది రెండో సగం. ఇళ్ళలో వాడే 23హెచ్2కు మరమ్మతులు 2025 నవంబరు 11తో ఆగిపోయాయి. కనక పెద్ద అక్షరాలూ చదవాలి, చిన్న అక్షరాలూ చదవాలి.

మిత్రుడు అడిగేది ఫోను గురించి అయితే పని ఇంకా తేలిక. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, చిట్టచివరదాకా వెళితే 'అబౌట్ ఫోన్' అని ఉంటుంది. వెర్షన్ అంకె అందులో ఉంటుంది. 2018లో వచ్చిన తొమ్మిదో వెర్షన్‌దాకా వీటికి తినుబండారాల పేర్లు పెట్టేవారు. తొమ్మిదో దాని పేరు 'పై'. 2019లో వచ్చిన పదోదాన్నుంచి ఉత్త అంకెలతోనే పిలుస్తున్నారు. నోరూరించే పేర్లు పోయాయిగాని, ఏది ముందో ఏది వెనకో తెలుసుకోవటం సుళువయింది.

లెక్కల్లో చురుకైన పిల్లలు పొరపడే చోటు ఒకటి చెబుతాను. పైథాన్ అనే ప్రోగ్రాముల భాష ఉన్నది. బళ్ళలో కూడా నేర్పుతారు. దానిలో 3.1 అని ఒక వెర్షన్, 3.10 అని ఒక వెర్షన్ ఉన్నాయి. "చివరి సున్నాకు విలువ లేదు గదా, రెండూ ఒకటే," అంటారా? లెక్కల్లో నిజమే. కాని వెర్షన్ అంకెలో చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు అటు ఒక సంఖ్య, ఇటు వేరొక సంఖ్య. 3.1 వచ్చింది 2009లో, 3.10 వచ్చింది 2021లో! ఒక్క సున్నా మింగేస్తే పన్నెండేళ్ళు వెనక్కి పోతాం.

ఇక శ్రీకాకుళానికి వద్దాం. అక్కడ విండోస్ 10 అని తేలిందనుకోండి. మొట్టమొదట తాతయ్య ఫోటోలన్నిటినీ విడిగా ఒక డిస్కులోకి ఎక్కించి దాచమనండి. అది అయితే అమ్మగారి దిగులు సగం తీరుతుంది. ఆ తరువాత మీరు కాగితంమీద రాసుకున్న అంకెలను నాన్నగారికి చెప్పమనండి. 11 వేసుకోవచ్చునా, లేదా అన్నది ఆయన తెలిసినవారితో తేల్చుకుంటారు. పాత యంత్రాలన్నిటికీ 11 సరిపడదు.

మరొక ముఖ్యమైన సంగతి. వెర్షన్ తెలుసుకోవటానికి మిత్రుణ్ణి మీరు పాస్‌వర్డు అడగనక్కరలేదు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడగనక్కరలేదు. దూరాన్నుంచి ఇతరుల కంప్యూటరును నడిపే ప్రోగ్రాములు ఉన్నాయి, కాని ఈ పనికి అవీ అవసరం లేదు. కనక ఎవరైనా ముక్కూమొహం తెలియనివాడు ఫోను చేసి, "నేను కంపెనీవాణ్ణి, మీ కంప్యూటరు చెడిపోయింది, ఈ ప్రోగ్రాము వేసుకోండి, ఆ నంబరు చెప్పండి," అంటే వెంటనే ఫోను పెట్టేసి పెద్దలకు చెప్పండి. అటువంటి మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు చెయ్యటానికి మన దేశంలో 1930 అనే నంబరు ఉన్నది.

ఆఖరు మాట. మీ మిత్రుడికి కీ కనిపించటానికి రెండు నిమిషాలు పట్టవచ్చు. అతను తప్పు అక్షరం కొట్టవచ్చు. "ఇంతమాత్రం తెలియదురా నీకు?" అనకండి. అలా అంటే భయపడి, కనిపించనిది కనిపించిందని చెబుతాడు. అప్పుడు మీకు దారి చూపించే కళ్ళు మూసుకుపోతాయి. "ఫరవాలేదు, మళ్ళీ చూడు," అనండి.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న కంప్యూటరో, ఫోనో ఏ వెర్షన్‌దో పెద్దవారి అనుమతితో చూసి, ఒక కాగితంమీద తేదీ వేసి రాసుకోండి. తరువాత దూరాన ఉన్న మీ మిత్రుడికి ఫోను చేసి, అతనిది కనుక్కోండి. కళ్ళతో చూడకుండానే సరిగా చెప్పగలిగితే, మీరు మంచి ప్రశ్నలు అడగటం నేర్చుకున్నట్టే!