అరచేతిలోని సంసారం

దుబాయికి మనిషి వెళ్ళిన ఇంట్లో సెల్‌ఫోను పారవెయ్యమని చెప్పగల ధైర్యశాలి ఎవరైనా వుంటే, ఒకసారి మా సిరికొండకు వచ్చి ఆ మాట చెప్పవలసిందిగా నా మనవి. "ఫోను కట్టిపెట్టండి, కాపురం బాగుపడుతుంది" అని పట్నాలలో పెద్దలు ఉపన్యసిస్తూ వుంటారు. వినడానికి సొంపుగానే వుంటుంది. కాని మా నిజామాబాదు జిల్లాలో, అందులోనూ సిరికొండ, భీమ్‌గల్, ధర్పల్లి వైపు, ఆ మాట అనడమంటే ఇంటి యజమానిని గడప దాటించమన్నట్టే. ఆయన వుండేది ఆ ఫోనులోనే మరి!

దుబాయి అంటే మావాళ్ళకు ఒక్క దుబాయి కాదు. సౌదీ, కువైట్, మస్కట్, ఖతర్, బహ్రెయిన్ - అన్నీ దుబాయే. బోరు ఎండిపోయి అప్పు మిగిలినవాడూ, చెల్లెలి పెళ్ళి చెయ్యవలసినవాడూ, ఇక్కడ పని దొరకనివాడూ అందరూ అటే వెళ్ళారు, వెళుతున్నారు. నేను బడిపంతులుగా వున్న 1980లలో వాళ్ళ ఇళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టడం కూడా నా ఉద్యోగంలో భాగమే అన్నట్టుండేది. ఇల్లాలు అరుగు మీద కూర్చుని చెప్పేది, నేను రాసేవాణ్ణి. పక్కనే అత్తగారు. ఇక మగనితో చెప్పుకోదగిన మాటలు ఎన్ని వుంటాయి? "అందరం మంచిగున్నం. బర్రె ఈనింది. పైసలు అందినయి." అంతే. జవాబు రావడానికి నెల పట్టేది. ఆ జవాబు చదివిపెట్టేది కూడా నేనే కనుక, ఆయనా అంతకు మించి రాయడానికి సిగ్గుపడేవాడు.

తరువాత క్యాసెట్లు వచ్చాయి. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేవాడి చేతికి, ఊరగాయ జాడీతో పాటు, ఇంటిల్లిపాదీ మాట్లాడిన క్యాసెట్టు ఒకటి ఇచ్చి పంపేవారు. ఆ పిదప ఎస్టీడీ బూతు. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడే మాటలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఆ లెక్క పోయింది. ఇమో, బోటిం అన్న పేర్లు మా ముసలమ్మల నోట కూడా పలుకుతున్నాయి. మొగుడూ పెళ్ళాలు మొదటిసారిగా అత్తగారి కంటపడకుండా, పంతులు చేతిరాత అవసరం లేకుండా, ఎదురెదురుగా మొహాలు చూసుకున్నారు. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు చేతకాదు.

అయితే అదే ఫోనులో మరొకటి కూడా ఇంట్లోకి వచ్చింది. అది ఎటువంటిదో ఒక ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది.

ఆయన సౌదీలో వున్నాడు. అక్కడికీ మనకూ రెండున్నర గంటల తేడా. పని దిగి, క్యాంపుకు వచ్చి, వండుకు తినేసరికి అక్కడ ఎనిమిదిన్నర, ఇక్కడ పదకొండు. ఒకనాడు ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కట్ చేశారు. మూడోసారి కూడా అంతే. నిద్రపోయి వుంటే సరే అనుకునేవాడేమో. కాని తెరమీద ఇంటి నంబరు కింద "ఆన్‌లైన్" అని కనిపిస్తూనే వుంది! పొద్దున్నే తల్లికి చేశాడు. "రాత్రి పదకొండింటికి ఎవనితోని ముచ్చట పెడుతున్నది అది?" అని. ఇక ఆ ఇంట్లో జరిగిన గొడవ ఊహించుకోండి. అత్తగారు అడగరాని మాట అడిగింది. కోడలు రెండు రోజులు ముద్ద ముట్టలేదు. పుట్టింటికి పోతానని సంచి సర్దుకుంది.

నన్ను పిలిచారు, పాత పంతులును గదా. ఆ అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి, "మీరే చూడుండ్రి సారూ" అన్నది. చూస్తే ఏముంది? ఎనిమిదో తరగతి చదివే కొడుకు దుప్పటి కింద తన స్నేహితుల గ్రూపులో కబుర్లు చెప్పుకుంటున్నాడు. మధ్యలో బాపు ఫోను వచ్చి అడ్డు తగులుతోంది; ఎత్తితే "చదివినవా?" అని అడుగుతాడు, కట్ చేశాడు. తల్లి మీదికి ఇంత వచ్చి పడుతుందని వాడికేం తెలుసు? తెలిశాక నోరు విప్పడానికి భయం.

కుర్రవాడి చేతనే తండ్రికి ఫోను చేయించాను. అటు చాలాసేపు మాట లేదు. ఆ తరువాత ఆయన నాతో అన్నాడు: "పోరన్ని కొట్టకుండ్రి సారూ. నేను గూడ గదే గద చేస్తున్న. గదిల ఎనిమిది మందిమి. ఎవని మంచం మీద వాడు. ఒంటిగంట దాకా చూసుడే." ఒకరితో ఒకరు మాట్లాడుకోరా అని అడిగాను. మునుపు పేకాడుకునేవాళ్ళమనీ, ఇప్పుడు అదీ లేదనీ చెప్పాడు.

ఈ "ఆన్‌లైన్" అన్న మాట, "చివరిసారి చూసిన సమయం", చదివినట్టు తెలిపే రెండు నీలి గీతలు (ఇవి వాట్సాప్‌లో 2014లో వచ్చాయి) - ఇవన్నీ మనం అడిగినవి కావు. పక్కన లేని మనిషి మీద వేసిన కాపలా లాంటివి. మనిషి దగ్గర వున్నప్పుడు "ఎందుకెత్తలేదు?" అన్న ప్రశ్నకు మొహంలోనే జవాబు దొరుకుతుంది. సముద్రం అవతల వున్నవాడికి ఆ నీలి గీతలే సాక్ష్యం, ఆ సాక్ష్యం ఎంత అబద్ధమైనా సరే. సెట్టింగుల్లో ప్రైవసీ అన్నచోట ఇవి కనబడకుండా చేసుకోవచ్చు. కాని ఇవాళ ఉన్నట్టుండి ఆపితే అది మరో అనుమానం! ఇద్దరూ మాట్లాడుకుని ఒకే రోజున ఆపుకోవడం మేలు.

ఇక అసలు చిక్కు. ఉత్తరానికి చివర "ఇట్లు" వుండేది. క్యాసెట్టు అయిపోతే టక్కున ఆగేది. సినిమాకు శుభం కార్డు పడుతుంది. అంతెందుకు, మీరు ఆత్రంగా చదివే ఈ పత్రికలోని సీరియల్ కూడా "ఇంకా వుంది" అని చెప్పి, వారం రోజులు మిమ్మల్ని మీ పనికి వదిలిపెడుతుంది. ఫోనులోని బొమ్మల ప్రవాహానికి మాత్రం అంతం అన్నది పెట్టలేదు. మరచిపోయి కాదు, కావాలనే. పేజీ అయిపోకుండా కిందికి జరుగుతూనే వుండే ఏర్పాటును 2006లో రూపొందించిన అజా రాస్కిన్ అనే ఆయన, దానివల్ల జనం ఎంత కాలం పోగొట్టుకుంటున్నారో చూసి తరువాత బహిరంగంగా నొచ్చుకున్నాడు. ఫేస్‌బుక్ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో ఇంకా విప్పి చెప్పాడు: జనం సమయాన్నీ ధ్యాసనూ వీలైనంత ఎక్కువగా ఎలా లాక్కోవాలన్నదే తమ మొదటి ఆలోచన అట!

దీని కిటుకు పాతదే. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురాలతో పరీక్షలు చేశాడు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరగానే ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో తెలియకపోతే మాత్రం విడవకుండా పొడుస్తూనే వుంటుంది. పది బొమ్మలు చప్పగా వుండి, పదకొండోది నవ్వించిందనుకోండి. మన వేలు కూడా ఆ పావురం ముక్కే. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. పీడ పోయిందనుకున్నాం. రెండు మూడు నెలలు తిరగకముందే రీల్స్, షార్ట్స్ వచ్చి ఆ పీట మీద కూర్చున్నాయి.

మా వైపు ఇల్లాళ్ళకు దీనివల్ల ఇంకొక నష్టం కూడా వుంది. పట్నపు ఉపన్యాసకులకు అది తట్టదు. ఇక్కడ ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజుకు వెయ్యి బీడీలంటే పొద్దంతా పని. చాట ఒడిలో పెట్టుకుని నలుగురైదుగురు ఒకచోట చేరేవారు. చేతులు చుట్టేవి, నోళ్ళు మాట్లాడేవి. ఎవరి కూతురికి సంబంధం వచ్చింది, ఎవరింట్లో మొగుడు పైసలు పంపలేదు, అన్నీ అక్కడే. ఒకరికి కష్టం వస్తే మిగిలిన నలుగురికీ సాయంత్రంలోగా తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరింట్లో వారు, గోడకు ఫోను ఆనించి పెట్టుకుని చుడుతున్నారు. పాటలు వినేంతవరకు బాధ లేదు. బొమ్మ మార్చాలంటే మాత్రం చెయ్యి కావాలి గదా! "వెయ్యి చేసే చెయ్యి సారూ, ఇప్పుడు ఏడు వందలు దాటుతలేదు" అని ఒకామె నాతో నవ్వుతూనే అన్నది. మూడు వందల బీడీల కూలి పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ నలుగురూ కూర్చునే చెట్టు నీడ ఖాళీగా వుండడమే నాకు ఎక్కువ నష్టంగా తోస్తుంది.

పిల్లలకు ఫోను ఇచ్చినవాళ్ళం మనమే. 2020 సెప్టెంబరులో కరోనా మూలంగా తెలంగాణలో పాఠాలు టీవీకీ ఆన్‌లైన్‌కూ ఎక్కినప్పుడు, అప్పు చేసి మరీ కొన్నవాళ్ళున్నారు. బళ్ళు తెరిచారు గాని ఫోను తిరిగి రాలేదు. ఇది జబ్బేనా అంటే వైద్యులలో ఇంకా ఒక మాట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం చేరింది గాని, సోషల్ మీడియా చేరలేదు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో మాత్రం 2014 నుంచే ఇటువంటివారి కోసం ప్రత్యేక క్లినిక్కు పెట్టారు. పేరు ఏదైతేనేం, ఇంట్లో అన్నం చల్లారిపోవడం నిజం.

మరి దారేమిటి? సరిహద్దు అవతల, మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అని ఒక పల్లె వుంది. అదీ చెరకు సీమే. 2022 ఆగస్టులో ఆ ఊరివారు ఒక కట్టడి చేసుకున్నారు. సాయంత్రం ఏడు గంటలకు గుడి మీద సైరన్ కూస్తుంది. గంటన్నర సేపు ఊళ్ళో టీవీలూ ఫోన్లూ బంద్. పిల్లలు చదువుకోవాలి, పెద్దలు మాట్లాడుకోవాలి. ఊరంతా ఒక్కసారి ఆపడంలోనే తెలివంతా వుంది. "వాడింట్లో చూస్తున్నారు, మనింట్లోనే ఎందుకు వద్దు?" అని పిల్లవాడు అడగడానికి వీలుండదు.

మా ఊళ్ళకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోదు. మా సైరన్ కూసే వేళకే సౌదీ నుంచి ఫోను రావచ్చు. అందుచేత ఫోనును కాదు, ప్రవాహాన్ని ఆపవలసి వుంటుంది. పాత బటన్ ఫోను ఒకటి రాత్రి పూట మాటలకు వుంచి, పెద్ద ఫోనును తొమ్మిదిన్నరకు బీరువాలో పెట్టే ఇళ్ళు రెండు మూడు నాకు తెలుసు. పిల్లవాడు ఆ ఫోను ఇవ్వకపోతే తనకు తానే హాని చేసుకుంటానని బెదిరించేంత దాకా వస్తే, బంధువుల సలహాలతో కాలక్షేపం చెయ్యకండి. 14416కు ఫోను చెయ్యండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ నంబరు అది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆ కుర్రవాడి ఇంట్లో ఏం చేశారంటే, తండ్రి రోజూ ఫోను చెయ్యడం మానేశాడు. వారానికి మూడు రోజులు, ముందుగా చెప్పిన వేళకు చేస్తాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఇక్కడ ఎనిమిది గంటలకు, అందరూ భోజనానికి కూర్చున్నాక, కోడలు ఫోనును చెంబుకు ఆనించి నిలబెడుతుంది. మొదట్లో ఏవో అడిగేవాడు. ఇప్పుడు ఏమీ అడగడు. తల్లి, పెళ్ళాం, కొడుకు తింటుంటే చూస్తూ కూర్చుంటాడు. అరగంటకు, "ఇగ పెడుతున్న" అంటాడు.