శ్రీశైలం జలాశయము: వెలుగు, మునక

మన విద్యార్థులు విహారయాత్రకు శ్రీశైలం వెళ్లినప్పుడు ఆనకట్టను, తెరచిన గేట్ల నుండి దూకే కృష్ణమ్మను చూచి ఆనందిస్తారు. అది సహజమే. కాని ఆ నీటి అడుగున ఏమున్నదో కూడ వారికి తెలియవలెనని మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నల్లమల కొండల నడుమ ఇరుకైన లోయలో కృష్ణానదికి అడ్డముగా ఈ ఆనకట్ట నిర్మింపబడినది. 1963లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిరి. పొడవు 512 మీటర్లు, గేట్లు 12, పూర్తి నీటిమట్టము 885 అడుగులు. మొదట ఇది కేవలము విద్యుత్తు కొరకు తలపెట్టిన పథకము. సాగునీరు, మద్రాసుకు త్రాగునీరు తరువాత వచ్చి చేరినవి.

ఎత్తున నిలిచిన నీరు గొట్టముల గుండా క్రిందికి దిగి టర్బైను చక్రమును త్రిప్పును. చక్రముతో జనరేటరు తిరుగును. కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు, ఎడమగట్టున భూగర్భములో 150 మెగావాట్లవి ఆరు కలవు. ఎడమగట్టు యంత్రముల విశేషమేమనగా, విద్యుత్తు వాడకము తగ్గిన వేళ అవే వెనుకకు తిరిగి పంపులుగా మారి, దిగువ నీటిని తిరిగి పైకి తోడగలవు. తోడుటకు అయ్యే విద్యుత్తు, తిరిగి వచ్చే దానికంటె ఎక్కువే. అయినను అవసరమైన గడియకు అందుటయే దాని విలువ. ఇదే భూగర్భ కేంద్రములో 2020 ఆగస్టులో అగ్నిప్రమాదము సంభవించి తొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిరి.

ఇక చిక్కు ఎక్కడనగా, విద్యుత్తు తీయవలెనన్న నీరు దిగువకు వదలవలెను. పోతిరెడ్డిపాడు నుండి రాయలసీమ కాలువలకు పారవలెనన్న నీరు ఎత్తున నిలువవలెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప ఒక గట్టు ఆంధ్రకు, మరొక గట్టు తెలంగాణకు దక్కుటతో ఈ తగవు మరింత పదునెక్కినది. పైగా ఒండ్రు చేరి జలాశయము పూడుచున్నది. తొలుత 308 టీఎంసీలు పట్టిన చోట ఇప్పుడు సుమారు 215 మాత్రమే పట్టునని లెక్క. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. ఆనకట్ట నిలిచినది గాని, ఎగువన కర్నూలు నగరము మునిగినది.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు నూరు గ్రామములు, లక్ష ఎకరములకు పైగా భూమి ఈ జలములలో కలిసినవి. అందులో నదీతీరపు నల్లరేగడి పొలములెన్నో! 1981లో ఇండ్లు కూల్చి ఊళ్లు ఖాళీ చేయించిరి. గుడులు కదిలినవి: కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురములో తిరిగి కట్టిరి. ఆలంపురపు నవబ్రహ్మాలయములకు రక్షణగా అడ్డుగోడ లేచినది. రాళ్లకు దొరికిన ఈ శ్రద్ధ మనుష్యులకు దొరకలేదని అనక తప్పదు. పరిహారపు సొమ్ము చేతికందునాటికి సాటి భూమి కొనుటకు చాలలేదు, రైతులు కూలీలైరి.

నిర్వాసిత కుటుంబమున ఒకరికి ఉద్యోగమని 1986లో 98వ నంబరు ఉత్తర్వు వెలువడినది. నాడు దరఖాస్తు పెట్టిన యువకులలో పలువురు ఉద్యోగము రాకనే వయోపరిమితి దాటిపోయిరి. వేసవిలో నీరు తగ్గి సప్తనదీ సంగమేశ్వరాలయము బయటపడినప్పుడు భక్తులు పుట్టితో చేరి పూజలు చేయుదురు. పాత ఊళ్లవారిలో కొందరు మాత్రము గుడి వైపు గాక, తమ ఇంటి పునాది ఏ దిక్కుననున్నదో వెదకుచు బురదలో నడచుదురు.