చేబ్రోలు పక్కన యూదులా అని నవ్వాను

తుంగభద్ర నీళ్ళొచ్చాక మా కంప్లి ప్రాంతానికి గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడిన రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటాం. మా ఎమ్మిగనూరు దగ్గరి ఒక క్యాంపుకు తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన చుట్టపుచూపుగా వచ్చారు. మాటల మధ్యలో ఆయన, "మాస్టారూ, మా చేబ్రోలు పక్కన యూదులున్నారండీ. శనివారం ప్రార్థన చేసుకుంటారు" అన్నారు.

నేను పకపకా నవ్వాను. "యూదులు బైబిల్లో ఉంటారు గానీ చేబ్రోల్లో ఎందుకుంటారండీ!" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన ఇంకేమీ అనకుండా కాఫీ తాగి లేచిపోయారు.

ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. యూదుల గురించి పిల్లలకు నేను చెప్పింది హిట్లర్ పాఠంలోని ఒక పేరా మాత్రమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మనవరాలిని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదట తెలుగులో వెతికాం. వచ్చినవన్నీ దాదాపు ప్రసంగాలే. పస్కా, పరిసయ్యులు, సమాజమందిరం అంటూ రెండు వేల ఏళ్ళ కిందటి మాటలే తప్ప, ఆ తరువాత ఈ జనం ఏమయ్యారో లేదు. ఇంకోచోట యూదులు లోకాన్ని ఏలడానికి రాసుకున్న రహస్య పత్రాలంటూ ఒకటి కనబడింది. అది 1903లో రష్యాలో అచ్చయిన దొంగ పత్రమనీ, 1921లో లండన్ టైమ్స్ పత్రికే దాని గుట్టు రట్టు చేసిందనీ తరువాత తెలిసింది. నూరేళ్ళ కిందట బయటపడిన అబద్ధం ఈనాటికీ మన ఇళ్ళల్లోకి వస్తూనే ఉంది!

"తాతా, వాళ్ళ గురించి వేరేవాళ్ళు చెప్పింది ఎందుకు? వాళ్ళు రాసుకున్నదే చూద్దాం" అంది మనవరాలు. అసలు దారి అదే.

సెఫారియా అనే చోట తోరా, మిష్నా, తల్మూదు హీబ్రూ, అరామిక్ మూలాలతో పాటు ఇంగ్లీషు అనువాదంలో ఉచితంగా ఉన్నాయి. తల్మూదులో ఒక గురువు మాటను ఇంకో గురువు ఖండిస్తాడు. ఓడిన వాదాన్ని కూడా తీసెయ్యకుండా దాచుకున్నారు. మన తర్క గోష్ఠులు గుర్తొచ్చాయి. 1901 నుంచి 1906 వరకు వెలువడిన పన్నెండు సంపుటాల జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా కూడా ఉచితమే. అయితే అది హిట్లర్‌కు ముందు నాటిదని మరువరాదు. ఆ మారణకాండ గురించి జెరూసలేంలోని యాద్ వషెమ్, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం పత్రాలు చూడాలి. యాద్ వషెమ్‌లో చనిపోయిన లక్షలాది మంది పేర్లు ఒక్కొక్కటిగా ఉన్నాయి. నా పాఠంలో అరవై లక్షలు ఒక అంకె. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక పేరుంది.

ఇక మన దగ్గరికి వస్తే ఆశ్చర్యాలే. కైరోలోని పాత సమాజమందిరపు గదిలో దొరికిన చిత్తు కాగితాలు ఇప్పుడు కేంబ్రిడ్జ్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల వారి పుణ్యమా అని తెర మీద చూడవచ్చు. వాటిలో బెన్ యిజూ అనే యూదు వర్తకుడి ఉత్తరాలున్నాయి. ఆయన పన్నెండో శతాబ్దంలో పదిహేనేళ్ళకు పైగా మంగళూరులో కాపురమున్నాడు. మన కర్ణాటకలోనే! కొచ్చిన్‌లో యూదుల మందిరం 1568 నాటిది. గోల్కొండ వజ్రాల కోసం పగడాలు, వెండి తెచ్చిన యూదు వర్తకులు 1688లో ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్‌లో తొలి ఆల్డర్‌మన్లుగా కూడా కూర్చున్నారు.

చివరికి చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం దొరికింది. తాము ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ అనే మాదిగ కుటుంబాలవి. అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివర నుంచి యూదులుగా ప్రకటించుకుని మందిరం కట్టుకున్నారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మీద రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు వేశారు. వారి వంశచరిత్రకు పాత రాతల ఆధారాలు చూపడం కష్టమే. కానీ తరతరాలుగా ఊరి చివర ఉంచినవారి చరిత్రను ఎవరు రాసిపెట్టారు కనుక? తామెవరో తామే చెప్పుకోవాలన్న తపన వారిది. దాన్ని ప్రశ్నించవచ్చు. నవ్వే హక్కు మాత్రం నాకు లేదు.

పాఠకులకు నేను తెలుసుకున్న మూడు మాటలు చెబుతాను. చెబుతున్నది ఎవరో చూడండి. ఎప్పుడు రాశారో చూడండి. ఆ జనం సొంత మాట ఒక్కటైనా వినకుండా తీర్పు చెప్పకండి.

మొన్న తెనాలి పెద్దాయనకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆయన ఈసారి నవ్వారు. "ఫోన్లో ఎందుకండీ మాస్టారూ, శుక్రవారం సాయంత్రానికి దిగండి. దీపాలు వెలిగించే వేళకు తీసుకెళ్తాను" అన్నారు. గుంటూరుకు టికెట్లు తీసుకున్నాం, మనవరాలికీ నాకూ.