విమానాలవాళ్ళు చేసిన కారు

2010 జనవరిలో యూరప్, అమెరికాలలోని అనేక నగరాల్లో ఒక వింత వూరేగింపు జరిగింది. జనం తమ తమ కార్లు వేసుకుని బారులు తీరి బయల్దేరారు. ఆ కార్ల మీద వున్న పేరు ఒక్కటే: సాబ్. వాళ్ళ కోరిక కూడా ఒక్కటే: ఈ కంపెనీని మూసెయ్యవద్దు! వాళ్ళలో చాలామంది ఆ కంపెనీ ఉద్యోగులు కారు, వాటాదారులూ కారు. ఆ కార్లను ఇష్టపడి నడిపినవాళ్ళు, అంతే.

వాళ్ళ కోరిక ఎక్కువ కాలం నిలవలేదు. 2011 డిసెంబరులో సాబ్ కార్ల కంపెనీ దివాలా తీసింది. ఇది జరిగి పదేళ్ళు దాటిపోయింది. అయినా ఆ కార్లను తుడిచి, బాగుచేసి, నడుపుకుంటున్న వాళ్ళు నేటికీ అనేక దేశాల్లో వున్నారు. ఇనుముతో చేసిన వస్తువు మీద ఇంత మమకారమేమిటి అని మీకు అనిపించవచ్చు. ఆ కారు లోపలికి కాస్త తొంగి చూద్దాం. జవాబు అక్కడే వుంది.

గాలిని చీల్చే ఆకారం

సాబ్ మొదట కార్ల కంపెనీ కానే కాదు. స్వీడన్ దేశంలో 1937లో విమానాలు తయారుచెయ్యడానికి దాన్ని స్థాపించారు. ‘స్వీడిష్ విమాన కంపెనీ’ అని అర్థం వచ్చే ఆ దేశపు మాటల్లోని మొదటి అక్షరాలే ఆ పేరు. రెండో ప్రపంచయుద్ధం ముగింపుకు వచ్చేసరికి, ఇక యుద్ధ విమానాలకు గిరాకీ తగ్గుతుందని కంపెనీ గ్రహించింది. పనివాళ్ళున్నారు, యంత్రాలున్నాయి. మరి ఏం తయారుచెయ్యాలి? ఒక చిన్న కారు చేద్దామనుకున్నారు. గన్నార్ ల్యుంగ్‌స్ట్రోమ్ అనే ఇంజనీరు ఆ పనికి నాయకత్వం వహించాడు. సిక్స్‌టెన్ సాసోన్ అనే కళాకారుడు దాని ఆకారం గీశాడు.

మీరెప్పుడైనా ఎదురుగాలిలో సైకిలు తొక్కారా? తొక్కివుంటే గాలి ఎంత బలంగా వెనక్కి నెడుతుందో మీకు తెలుసు. వేగం రెట్టింపయితే గాలి నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగం మూడు రెట్లయితే అది తొమ్మిది రెట్లు! విమానాలు చేసేవాళ్ళకు ఇది మొదటి పాఠం. అందుకే ఆ ఇంజనీర్లు పెట్టెలాంటి కారు చెయ్యలేదు. పక్కనుంచి చూస్తే విమానం రెక్కను నిలువునా కోసినట్లుండే కారు చేశారు. ముందుభాగం గుండ్రంగా వుంటుంది. వెనకభాగం క్రమంగా సన్నబడుతుంది. ఇలా ‘సాబ్ 92’ అనే కారు 1949 డిసెంబరులో తయారీకి వచ్చింది. మొదట్లో అన్నింటికీ ఒకటే రంగు, ముదురు ఆకుపచ్చ. దాని ఇంజను శక్తి 25 అశ్వశక్తులు మాత్రమే. అయినా అది గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటగలిగేది.

సైకిలులో వున్న కిటుకే

ఆ కారులో వున్నది టూ స్ట్రోక్ ఇంజను. మన దేశంలో పాత స్కూటర్లకూ మోపెడ్లకూ ఇలాంటి ఇంజనే వుండేది. బంకులో పెట్రోలుతోపాటు ఆయిలు కూడా కలిపి పోయించేవారు. మీ నాన్నగారినో, తాతగారినో అడిగి చూడండి, చెబుతారు. ఈ ఇంజనులో కందెన నూనె వేరుగా నిలవ వుండదు. పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్ళే నూనే పిస్టన్‌కు ఘర్షణ తగ్గిస్తుంది.

ఇప్పుడొక చిక్కు చూడండి. కారు పెద్ద కొండ దిగుతోంది. డ్రైవరు ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. పెట్రోలు లోపలికి వెళ్ళడం బాగా తగ్గిపోయింది. దానితోపాటు నూనె కూడా తగ్గిపోయింది. కాని దొర్లుతున్న చక్రాలు ఇంజనును మాత్రం జోరుగా తిప్పుతూనే వున్నాయి. అంటే ఇంజను నూనె లేకుండా తిరుగుతోందన్నమాట. కాసేపటికి పిస్టన్ వేడెక్కి బిగుసుకుపోగలదు!

దీనికి సాబ్‌లో వాడిన ఉపాయం మీ సైకిలులోనే వుంది. మీరు తొక్కడం ఆపినా సైకిలు ముందుకు దొర్లుతుంది కదా? వెనక చక్రంలోని ఫ్రీవీల్ వల్లనే అది సాధ్యం. అలాంటి ఫ్రీవీల్‌నే సాబ్‌లో అమర్చారు. డ్రైవరు కాలు తియ్యగానే చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. కారు తన మానాన దొర్లుతుంది. అయితే ఇందులో ఒక నష్టముంది. దిగుడులో ఇంజను వేగాన్ని అదుపు చెయ్యదు. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

కొలిమి తిత్తి, కారు ఇంజను

టూ స్ట్రోక్ ఇంజను నీలిపొగ వదిలేది. పాత కార్ల అభిమానులు ఆ పొగను కూడా ముచ్చటగా తలుచుకుంటారుగాని, అది గాలిని పాడుచేసిన మాట నిజం. అందుచేత 1967 నుంచి సాబ్ తన చిన్న కార్లలో ఫోర్డ్ కంపెనీ చేసిన ఫోర్ స్ట్రోక్ ఇంజను అమర్చసాగింది. ఆ తర్వాత పదేళ్ళకు, 1977లో, ‘సాబ్ 99 టర్బో’ను ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో లోకానికి చూపింది.

కమ్మరి కొలిమి చూశారా? తిత్తి వూదితే నిప్పు భగ్గుమంటుంది. గాలి ఎంత అందితే మంట అంత పెరుగుతుంది. ఇంజనులోనూ అంతే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కనక ఎక్కువ గాలిని లోపలికి పంపితేనే ఎక్కువ పెట్రోలు మండించగలం. అయితే ఆ తిత్తిని వూదేదెవరు?

పొగగొట్టం గుండా బయటకు పోయే వేడి వాయువుల్లో చాలా శక్తి వృథాగా పోతుంది. వాటి దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది గాలిమరలాగా తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం వుంటుంది. అది బయటి గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది. ఇదే టర్బో. ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరగగలవు!

టర్బోను కనిపెట్టింది సాబ్ కాదు. విమానాల్లో అది ముందే వుంది. 1962లో అమెరికాలో రెండు కార్లకు కూడా అమర్చారు. సాబ్ ఇంజనీర్లు చేసిందల్లా దాన్ని మామూలు కుటుంబం నడుపుకునే కారులో నమ్మకంగా పనిచేయించడం. వాళ్ళు చిన్న టర్బో వాడారు. తక్కువ వేగంలోనే అది అందుకునేది. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని కొంత వాయువును పక్కకు పంపేసే ఒక తలుపు పెట్టారు. రెండు లీటర్ల ఇంజను శక్తి 118 నుంచి 145 అశ్వశక్తులకు పెరిగింది.

ఆ కారులో ఇంకో విచిత్రం కూడా వుంది. తాళంచెవి స్టీరింగు దగ్గర కాక, రెండు సీట్ల మధ్య పెట్టేవారు. ప్రమాదం జరిగితే డ్రైవరు మోకాలు తాళంచెవికి కొట్టుకోకుండా వుండాలని! వింతగా కనిపించిన ప్రతిదాని వెనకా ఇలా ఒక కారణం వుండేది. అభిమానులకు నచ్చింది అదే.

మరి ఎందుకు మూతపడింది?

ఒక చిన్న లెక్క చేద్దాం. కొత్త రకం కారు రూపొందించడానికి వంద కోట్ల రూపాయలయిందనుకోండి. లక్ష కార్లు అమ్మితే ఒక్కో కారు మీద పడే ఖర్చు 10,000 రూపాయలు. పది లక్షల కార్లు అమ్మితే 1,000 రూపాయలే. సాబ్ ఏ ఏడాదీ లక్షన్నర కార్లు అమ్మలేదు. ఎన్ని తెలివైన ఆలోచనలున్నా ఈ లెక్క మారదు.

1990లో జనరల్ మోటార్స్ అనే అమెరికా కంపెనీ సాబ్ కార్ల విభాగంలో సగం కొన్నది. 2000లో మిగిలినదీ కొన్నది. ఖర్చు తగ్గించడానికి, తన ఇతర కార్ల అడుగుభాగాలనే సాబ్‌కూ వాడింది. ఇది లెక్క ప్రకారం సరయిన పనే. కాని సాబ్ ఇతర కార్లలాగే తయారైతే, జనం సాబ్‌నే ఎందుకు కొనాలి? ఆ ప్రశ్నకు జవాబు కష్టమైపోయింది. 2009లో జనరల్ మోటార్సే దివాలా రక్షణ కోరవలసివచ్చింది. 2010లో స్పైకర్ అనే చిన్న డచ్చి కంపెనీ సాబ్‌ను కొన్నది. మరుసటి ఏడాది విడిభాగాలు సరఫరా చేసేవాళ్ళకు బాకీలు తీర్చలేక ఫ్యాక్టరీ ఆగిపోయింది.

మిగిలిందేమిటి?

సాబ్ కార్లు తయారైన ట్రోల్‌హెట్టన్ పట్టణంలో ఒక మ్యూజియం వుంది. 2012లో అందులోని పాత కార్లను కూడా అమ్మకానికి పెట్టారు. అవి చెల్లాచెదురు కాకుండా ఆ పట్టణ పురపాలక సంఘం, విమానాల సాబ్ కంపెనీ, ఒక ధర్మసంస్థ కలిసి కొన్నాయి. అవును, విమానాల సాబ్ వేరు. అది ఈనాటికీ యుద్ధ విమానాలు చేస్తూనే వుంది.

అభిమానుల ఇళ్ళలోని కార్ల సంగతి వేరు. పాత సాబ్‌లో ఒక ఇరుసు అరిగితే లేతు మిషను మీద కొత్తది చేసుకోవచ్చు. కాని ఆఖరి ఏళ్ళ కార్లలోని ఎలక్ట్రానిక్ పెట్టె పాడైతే? దాన్ని లేతు మీద చెయ్యలేరు. చిత్రమేమిటంటే, తాతకాలపు కారును బతికించడం కంటే తండ్రికాలపు కారును బతికించడం కష్టం!

ఆలోచనలకు మాత్రం విడిభాగాలు అక్కర్లేదు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో కూడా చాలావాటికి టర్బో వుంది. ఈసారి ఏ కారు వెనకనయినా ఆ మాట కనిపిస్తే, దాని ఇరుసుకు రెండు కొసలా తిరుగుతున్న రెండు చిన్న చక్రాలను ఒక్కసారి వూహించండి. ఆ తర్వాత మీ సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెడలును ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పండి. వెనక చక్రం ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో గమనించండి.