బస్తర్ వానల్లో ఆడియో కేబుల్: మంచి కనెక్టర్‌ను గుర్తించడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పల్లెల్లో హల్బీ, గోండి, దోర్లి భాషల పాటలు ఎన్నో పెద్దవాళ్ల గొంతుల్లోనే మిగిలాయి. మైకు, చిన్న రికార్డరు పట్టుకెళ్లి వాటిని భద్రపరిచేవారిని ఇబ్బంది పెట్టేది ఒక్కోసారి కేబుల్ చివరనున్న కనెక్టరే. పాట మధ్యలో చిటపటమంటే ఆ శబ్దాన్ని తర్వాత పూర్తిగా తొలగించడం కష్టం. వయసు మళ్లిన అవ్వ చేత అదే పాటను మళ్లీ అలాగే పాడించడం ఇంకా కష్టం.

కావలసిన పొడవుకు కేబుల్ కత్తిరించి, రెండు చివర్లా కనెక్టర్లు టంకం పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, చెడినప్పుడు బాగుచేసుకోవడమూ తెలుస్తుంది. అయితే కనెక్టర్ నాసిరకమైతే ఎంత మంచి తీగ వాడినా ఉపయోగం ఉండదు.

చిటపట ఎక్కడిది?

రెండు లోహపు ఉపరితలాలు కంటికి నున్నగా కనిపించినా, సూక్ష్మదర్శినిలో చూస్తే ఎత్తుపల్లాలే. అవి నిజంగా తాకేది కొన్ని చిన్న శిఖరాల దగ్గరే. విద్యుత్తు ఆ దారులగుండానే వెళ్తుంది. వాటిపై ఆక్సైడ్ పొర ఏర్పడినా, స్ప్రింగు పట్టు సడలినా స్పర్శ తెగుతూ కలుస్తూ ఉంటుంది. డైనమిక్ మైకు ఇచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని ఎన్నో రెట్లు పెంచేటప్పుడు ఈ అంతరాయమూ పెరిగి వినిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగే బస్తర్ వానల్లో గాలిలోని తేమ లోహాన్ని త్వరగా పాడుచేస్తుంది.

ఇత్తడి మీద బంగారం

కొండగావ్ కళాకారులు మైనపు అచ్చులతో పోతపోసే ఢోక్రా బొమ్మల్లో వాడే ఇత్తడి, అంటే రాగి, జింకుల మిశ్రమమే, చాలా కనెక్టర్లకూ ఆధారం. దానిపై నికెల్, ఆపైన కొన్నింటికి బంగారం పూత వేస్తారు. బంగారం రాగి కంటే మంచి వాహకం కాదు. అది తుప్పు పట్టదు, అందుకే వాడతారు. కింది నికెల్ పొర, రాగి అణువులు బంగారంలోకి ఎగబాకకుండా అడ్డుకుంటుంది.

చవక కనెక్టర్లలో బంగారం మైక్రాన్‌లో పదో వంతుకు మించకపోవచ్చు. కొన్నిసార్లు పెట్టి తీస్తే అరిగిపోతుంది. కాబట్టి పసుపు మెరుపు చూసి మోసపోకూడదు. పరికరం సాకెట్ తగరపు పూతదైతే బంగారు ప్లగ్‌ను జత చేయకపోవడమే మేలు. సూక్ష్మ కదలికలకు తగరపు ఆక్సైడ్ రాలి స్పర్శను చెడగొడుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

జగదల్‌పూర్‌లో దొరకని రకాలను రాయ్‌పూర్ నుంచి లేదా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కలిపే విశాఖపట్నం వైపు నుంచి తెప్పించుకోవచ్చు. పేరున్న బ్రాండ్లకూ నకళ్లు ఉంటాయి. అందుకే మొదట రెండే కొని పరీక్షించి, తర్వాత మిగతావి కొనడం మంచిది.

• అయస్కాంతం: పిన్నుకు గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టే. నికెల్ పూత వల్ల స్వల్ప ఆకర్షణ ఉండవచ్చు.
• పట్టు: సాకెట్‌లో బిగుతుగా కూర్చోవాలి, పది సార్లు తీసి పెట్టినా వదులవకూడదు.
• వేడి: టంకం పెట్టేటప్పుడు లోపలి ప్లాస్టిక్ కరిగి పిన్ను వంగితే అది పనికిరాదు. సగం సీసం, సగం తగరం ఉన్న టంకం కంటే 63:37 తగరం–సీసం రకం తేలిక. అది 183 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది.
• బిగింపు: కేబుల్ మందాన్ని ముందే కొలిచి, దానికి తగిన క్లాంపు ఉన్నదే తీసుకోవాలి. లాగినప్పుడు బరువు క్లాంపుపై పడాలి, టంకంపై కాదు.

దూరం వెళ్లే మైకు కేబుల్‌కు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ నయం. రెండు తీగల్లోనూ సమానంగా చొరబడే రొద పరికరంలో రద్దవుతుంది.

బయలుదేరే ముందు

మల్టీమీటర్‌తో ఒక చివరి పిన్నుకూ రెండో చివరి అదే పిన్నుకూ మధ్య నిరోధం చూడాలి. కొన్ని మీటర్ల కేబుల్‌కు అది ఒక ఓమ్ లోపే ఉండాలి. వేర్వేరు పిన్నుల మధ్య మాత్రం ప్రవాహం ఉండకూడదు. కొలుస్తూనే కనెక్టర్ దగ్గర కేబుల్‌ను అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరెగిరి పడితే లోపం అక్కడే ఉంది. వానాకాలంలో కేబుళ్లను తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాంతో డబ్బాలో పెట్టుకుంటే, ఊరి అరుగు మీద అవ్వ పాట అందుకున్నప్పుడు పరికరం సిద్ధంగా ఉంటుంది.