అక్షరముల కూర్పు, ఆంగ్లపదముల వేట

కొన్ని యక్షరములిచ్చి, వానితో నెన్ని యాంగ్లపదములు కూర్పవచ్చునో చెప్పుమను ఆట నేడు పిల్లలకు మిక్కిలి ప్రియమైనది. పాఠశాలలో నాడుదురు, ఇంటికి వచ్చి ఫోనులో నాడుదురు. తల్లి దగ్గఱకు వచ్చి చూచినచో "నీకు తెలియదులే అమ్మా" అందురు. పిల్లలు చెడ్డవారై యనుమాట కాదది. కాని ముల్లువలె నాటుకొనును. తెలుగును సంస్కృతమును ఇంటనే చదువుకొన్న తల్లికి ఈ యాటలో చోటు లేదనుట నేనంగీకరింపను. ఇందు వలసినది ఆంగ్లపాండిత్యము కాదు, పదమును విడదీసి చూచు నేర్పు. అది మనకున్నది.

శ్రీహరి నాలుగు చేతులలో శంఖ చక్ర గదా పద్మములున్నవి గదా. వానిని చేతులు మార్చి యెన్ని విధముల ధరింపవచ్చునని భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందు ప్రశ్నించి, 24 అని లెక్క తేల్చెను. మనము నిత్యము వినెడు కేశవనామములు నిరువదినాలుగే. ఆ మూర్తులకు భేదము ఆయుధముల తావుమార్పు వలననే కలుగుచున్నది. ఇప్పుడు ఆయుధములకు బదులుగా ఎస్, టీ, ఓ, పీ అను నాలుగక్షరములను తీసికొనుడు. కూర్పులు మరల 24. హరికి ప్రతి కూర్పును ఒక నామమైనది కాని యాంగ్లమున నట్లు కాదు. స్టాప్, స్పాట్, పోస్ట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్ అను ఆఱు మాత్రమే వాడుకలోని మాటలు. ఆగుట, మచ్చ, ఉత్తరము వేయుట, కుండలు, బొంగరములు, ఎన్నుకొనుట, ఇన్ని యర్థములు నాలుగక్షరములలో నిమిడియున్నవి!

అక్షరములు పెరిగినకొలది లెక్క భయంకరమగును. ఐదింటికి 120, ఏడింటికి 5,040. ఒక్కొక్కటే వ్రాసి చూచుచు కూర్చున్నచో పొయ్యిమీది పప్పు మాడిపోవును. ఇక్కడనే మన వ్యాకరణము తోడుపడును. సంస్కృతమున ధాతువునకు ముందు ఉపసర్గయు, వెనుక ప్రత్యయమును చేరునట్లు, ఆంగ్లమునను రీ, అన్, డిస్ వంటివి ముందును, ఇంగ్, ఎడ్, ఎర్ వంటివి వెనుకను చేరును. ముందుగా వీనిని వెదకి పక్కన నుంచవలెను. మిగిలినదే ధాతువు.

ఆర్, ఏ, ఎన్, ఐ, జీ, ఇ, డీ అను ఏడక్షరములు వచ్చినవనుకొనుడు. ఐ, ఎన్, జీ మూడింటిని తోకగా తీసివేసినచో నాలుగే మిగిలినవి. 5,040 కాస్తా 24కు దిగినది. ఆ నాలుగింటిలో రీడ్ అను మాట వెంటనే కంటబడును. తోక తగిలించిన రీడింగ్, అనగా చదువుట. ఆ యేడింటినుండియే ఇ, డీ అను మఱియొక తోక తీసి చూడుడు. మిగిలిన ఐదింటితో గ్రెయిన్, అనగా ధాన్యపుగింజ. తోకతో గూడి గ్రెయిన్డ్, అనగా గింజగింజగా నున్నది. ఒక్క మూటనుండి చదువును ధాన్యమును రెండును వచ్చినవి. నాకిది సమస్యాపూరణము వంటి యానందము నిచ్చును.

అన్నిటికంటె తుంటరి యక్షరము క్యూ. యూ అను అక్షరము వెంటలేనిదే అది సామాన్యముగా కదలదు. పూర్వపు టింగ్లండులో రాణి యని యర్థమిచ్చు క్వీన్ అను మాటను సీతో మొదలిడి వ్రాయుచుండిరి. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిదప, ఫ్రెంచివారి వ్రాతపద్ధతి ననుసరించిన లేఖకులు క్యూ, యూలను జంటగా తెచ్చిరి. ఆ జంటను విడిచి క్యూ యొంటరిగా తిరుగు మాటలు పెక్కు పరదేశములనుండి వచ్చినవి. ఖవ్వాలీ, తలాఖ్, నిఖాబు, ఫకీరు అనునవి క్యూతో, యూ లేకుండ, ఆంగ్లనిఘంటువుల కెక్కినవి. దొరల పిల్లలు కష్టపడి కంఠస్థము చేయవలసిన యీ మాటలను హైదరాబాదు వీథిలోని మన సోదరి పుట్టుకనుండి వినుచున్నది!

ఈ యాటను పలకలమీద నాడుటకు స్క్రాబుల్ అను రూపమున్నది. న్యూయార్కు నగరమున ఆల్ఫ్రెడ్ బట్స్ అను గృహనిర్మాణశిల్పి, 1930 తర్వాతి దుర్దినములలో పని పోగొట్టుకొని దీనిని కల్పించెను. ఏ యక్షరమెంత తఱచుగా వచ్చునో వార్తాపత్రికల పుటలలో లెక్కించి విలువలు కట్టెను. స్క్రాబుల్ అను పేరు 1948లో వచ్చినది. నూఱు బిళ్లలలో ఇ పండ్రెండు. క్యూ ఒక్కటే, దానికి పది మార్కులు. పని లేని నాడు మనసును పనిలో నిలిపిన యా మనిషిని నేను మెచ్చుకొందును.

అక్షరములతో నియమము పెట్టుకొని యాడుట మనకును క్రొత్త కాదు. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని పెదవికి గాయమైనదని, వానిచేత ఓష్ఠ్యములు లేకుండ కథ చెప్పించెను. మరింగంటి సింగరాచార్యులు తెలుగున నిరోష్ఠ్యముగా రామకథనే వ్రాసిరి. పెదవులు కలుపక "రామ" యనుటయే సాధ్యము కాదు. అందుకే కాబోలు, ఆ కావ్యమునకు దశరథరాజనందనచరిత్ర యని పేరు! భేదమొక్కటే: వారిది నోటి యాట, మనది కంటి యాట.

అక్షరములు వేసినంతనే పదములన్నియు చూపు యంత్రసాధనము లిప్పుడున్నవి. ఆట ముగిసిన పిదప సరిచూచుకొనుటకు మంచివే. ముందుగా చూచుట వడ్డించకముందే విస్తరి యెత్తుట. పరీక్షల కాలమున నీ యాటలేమని మా వారందురు. అర్థము చెప్పలేని పదమునకు లెక్క లేదని మా యింట నియమము పెట్టితిని. నాటినుండి నిఘంటువు అటకమీదినుండి దిగినది, వారి సణుగుడును తగ్గినది.

ఈ నెలకు మీకొక మూట: ఎల్, ఐ, ఎస్, టీ, ఇ, ఎన్. ఆఱింటిని విడువక వాడి యైదు పదములు కూర్పవలెను. ఒకటి వినుట, ఒకటి మౌనముగా నున్నది, ఒకటి సైన్యమున చేరుట, ఒకటి తళుకుజరీ, ఒకటి నేలలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయలు. రాత్రి భోజనములైన పిదప పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని యాడుడు.