భూగర్భ మురుగునీటి వ్యవస్థలో పగిలిన మట్టి గొట్టాల మరమ్మతు

పొలం అడుగున మీటరు నుంచి మీటరున్నర లోతులో అమర్చిన మట్టి గొట్టాల వరుసలో ఒక్క గొట్టం పగిలినా నష్టం ఆ చోటికే పరిమితం కాదు. పగులులో మట్టి పూడుకుపోతే దానికి ఎగువనున్న వరుస అంతా పనిచేయడం మానుతుంది. అక్కడ నీటి మట్టం వేళ్ల వరకు పెరుగుతుంది. వేసవిలో ఆ నీరు ఆవిరై లవణాలు పైపొరలో మిగలడంతో, తగ్గిన చౌడు మళ్లీ కనిపిస్తుంది. ఇటువంటి సందర్భాల్లో వ్యవస్థే విఫలమైందని నిర్ణయించి వరుసనంతా విడిచిపెట్టడం తొందరపాటు. మార్చవలసినవి నాలుగైదు గొట్టాలు మాత్రమే కావచ్చు.

1843లో ఇంగ్లండ్‌లో జాన్ రీడ్ గుండ్రని మట్టి గొట్టాన్ని రూపొందించిన నాటి నుంచి, 1960ల తరువాత ముడతల ప్లాస్టిక్ గొట్టాలు వ్యాప్తి చెందే వరకు, భూగర్భ మురుగు పారుదలకు ప్రధాన ఆధారం కాల్చిన మట్టి గొట్టమే. మన ప్రాంతంలో నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టులోని కోనంకిలోను, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోను ఇండో–డచ్ ప్రాజెక్టు ద్వారా బాపట్ల కేంద్రం ఈ పద్ధతిని రైతుల పొలాల్లో పరిశీలించింది. సల్ఫేట్లు అధికంగా ఉన్న నేలల్లో సిమెంటు గొట్టం క్రమంగా దెబ్బతింటుంది. బాగా కాలిన మట్టి గొట్టానికి ఆ భయం లేదు. దాని బలహీనత అంతా అతుకుల వద్దనే ఉంది.

అయితే ఆ అతుకులే దానికి ప్రాణం. సుమారు 30 సెంటీమీటర్ల పొడవుగల గొట్టాలను ఒకదాని కొసకు మరొకటి ఆనించి పేర్చుతారు. నేలలోని నీరు గొట్టం గోడలగుండా గాక, వాటి మధ్య ఉండే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల సందులగుండా లోపలికి చేరుతుంది. ఇంటి మురుగు గొట్టం బాగుచేసే అలవాటుతో ఈ సందులను సిమెంటుతో పూడిస్తే గొట్టం గట్టిగానే ఉంటుంది గాని, ఆ మేరకు పొలం నుంచి నీరు తీయదు. మరమ్మతులో ముందుగా తప్పించవలసిన పొరపాటు ఇదే.

పగులు ఎక్కడుందో తెలుసుకోవడానికి వర్షం లేదా నీటితడి తరువాతి రెండు మూడు రోజులు అనువైనవి. నీరు బయటపడే ముఖం వద్ద బురదనీరు వస్తుంటే నేల లోపలికి జారుతున్నదని అర్థం. నీరు తేటగా ఉండి ప్రవాహం సన్నగిల్లితే పూడికను, వేళ్లను లేదా ఇనుప తుప్పు వంటి జిగురు పేరుకుపోవడాన్ని అనుమానించాలి. పొలంలో వరుస మీద గుంట పడితే పగులు సాధారణంగా దాని కిందనే ఉంటుంది. ఎక్కడా గుంట లేనప్పుడు తేమ ఆరని మేరకు దిగువ అంచున వెదకాలి. మ్యాన్‌హోళ్లు ఉన్నచోట వరుసగా నీటి మట్టాలను పోల్చితే పని మరింత సులువు. గొట్టం స్థానం కోసం ఇనుప చువ్వను నేలలోకి మెల్లగా దించాలి. బలంగా పొడిస్తే మరో పగులు తప్పదు.

తవ్వకం వేసవిలో, నీటి మట్టం అడుగంటినప్పుడు చేపట్టడం మేలు. తడి నల్లరేగడిలో గోతి గోడలు హఠాత్తుగా విరిగిపడతాయి. లోతు మీటరు దాటితే గోడలను ఏటవాలుగా తీయాలి లేదా పలకలతో నిలబెట్టాలి. కూలీల ప్రాణాలకు సంబంధించిన ఈ జాగ్రత్తను ఖర్చు పేరుతో వదలరాదు. దిగువ గొట్టం నోటిని గోనెగుడ్డతో మూసిన తరువాతే పగిలిన ముక్కలను తీయాలి. లేనిచో ఎగువన నిలిచిన నీరు ఒక్కసారిగా వచ్చి, పూడికను దిగువ వరుసలోకి తోసుకుపోతుంది. ఇరువైపులా చెదరని గొట్టం కనిపించే వరకు తీసివేయాలి. తట్టినప్పుడు ఖంగుమనేది మంచిది. బొంగురుగా పలికేదానిని మార్చడమే క్షేమం.

కొత్త గొట్టాలకు కదలని పునాది కావాలి. మెత్తబడిన బురదను తొలగించి ముతక ఇసుక, కంకరతో నింపి కుదించాలి. పాత వాలును దారంతో, లెవెల్‌తో సరిచూడాలి. వాలు 0.1 శాతమైతే పది మీటర్లకు తేడా ఒక్క సెంటీమీటరే కనుక కంటి అంచనా చాలదు. గొట్టాలను దిగువ నుంచి ఎగువకు పేర్చుతారు. సందు మూడు మిల్లీమీటర్లు మించినచోట గొట్టం పెంకును కప్పాలి. మట్టి గొట్టాలు దొరకనప్పుడు ప్లాస్టిక్ గొట్టం వాడవచ్చు గాని, దాని లోపలి వ్యాసం పాతదానికి తగ్గరాదు. రెండు కొసలూ గట్టి నేలపై ఆనాలి, కలిసేచోట వడపోత గుడ్డ చుట్టాలి. చుట్టూ కంకర పొర పరచిన తరువాత మొదటి 30 సెంటీమీటర్ల మట్టిని పారతోనే నింపాలి. యంత్రంతో పెళ్లలు దొర్లిస్తే కొత్త గొట్టం ఆ పూటే పగులుతుంది.

వేళ్ల వల్ల నష్టం జరిగినచోట చెట్టును తొలగించడం, లేదా ఆ మేరకు రంధ్రాలు లేని, అతుకులు మూసిన గొట్టం వేయడం తప్ప వేరే మార్గం లేదు. ఇక్కడ మాత్రం అతుకులు మూయడం సబబే. కోత యంత్రాలు తిరిగే దారి కింద పగిలితే దృఢమైన గొట్టం అమర్చాలి.

పూడ్చిన మట్టి కుదురుకోవడానికి సమయం పడుతుంది. వెంటనే దమ్ముకు నీరు పెడితే, వదులు మట్టిలో నీరు దారి చేసుకొని నేలను గొట్టంలోకి దింపుతుంది. అందుచేత నాట్లకు కొన్ని నెలల ముందే పని ముగించి, గోతిపై మట్టిని కొంత ఎత్తుగా వదలాలి. మరమ్మతు చేసిన స్థానాన్ని మ్యాన్‌హోల్ నుంచి కొలిచి పటంలో గుర్తించాలి. తదుపరి తడికి ముఖం వద్ద నీరు తేటగా వచ్చే వరకు పరిశీలన కొనసాగాలి.